అమెరికాలో మన మందులు పెట్టే త్రీపీఎల్ గోదాంకి ఏ లైసెన్సు ఉండాలి? హోల్‌సేల్ లైసెన్సు చాలదా?

బాచుపల్లి_డిస్పాచ్
మా కంపెనీకి న్యూజెర్సీలో సబ్సిడియరీ ఉంది, గోదాం లేదు. సరుకు కెంటకీలో లూయీవిల్ దగ్గర ఒక త్రీపీఎల్ (థర్డ్ పార్టీ లాజిస్టిక్స్, అంటే వేరేవాళ్ల సరుకు దాచి పంపే సంస్థ) గోదాంలో దించి అక్కణ్ణుంచి 30 పైచిలుకు రాష్ట్రాలకు పంపాలని ప్లాన్. అన్నీ ప్రిస్క్రిప్షన్ టాబ్లెట్లు, ఒక ఇంజెక్షన్. త్రీపీఎల్ వాళ్లు లైసెన్సుల షీటు పంపారు. కొన్ని రాష్ట్రాల ఎదురుగా "త్రీపీఎల్" అని, కొన్నింటికి "హోల్‌సేల్" అని, కొన్నింటికి "వర్తించదు" అని ఉంది. ఆ "వర్తించదు" చూసి ఒక కస్టమర్ వెండర్ ఫారం వెనక్కి కొట్టాడు.

మన దగ్గర సీ అండ్ ఎఫ్ ఏజెంటు సరుకు తనది కాకపోయినా 20బీ, 21బీ హోల్‌సేల్ లైసెన్సులు తన పేరు మీద తీసుకుంటాడు, అక్కడితో అయిపోతుంది. అలాగే అక్కడ కూడా ప్రతి రాష్ట్రంలో హోల్‌సేల్ లైసెన్సు తీసుకోమంటే సరిపోదా? ఇప్పుడు కస్టమర్లందరూ కాగితాలు అడుగుతున్నారు.

డాక్‌డోర్_7
తీసుకోమనండి. ఎక్కువ కాగితాలుంటే కస్టమర్ నోరెత్తడు. హోల్‌సేల్ లైసెన్సు లేదని ఆపినవాళ్లున్నారు గానీ ఉందని ఆపినవాళ్లు లేరు.

ఎడిసన్_లైసెన్సింగ్
డాక్‌డోర్ గారి మాట 2013కి ముందు అయితే చెల్లేది. ఇప్పుడు ఆ సలహా ప్రమాదం.

2013 నవంబర్ 27న డీఎస్‌సీఎస్‌ఏ (డ్రగ్ సప్లై చైన్ సెక్యూరిటీ యాక్ట్, మందుల సరఫరా మీద అమెరికా ఫెడరల్ చట్టం) వచ్చింది. త్రీపీఎల్ అంటే ఎవరో అందులోనే రాసి ఉంది: తయారీదారు, హోల్‌సేలర్ లేదా ఫార్మసీ తరఫున అంతర్రాష్ట్ర వ్యాపారంలో ఉన్న మందుని నిల్వ చేయడం, లేదా ఆ లాజిస్టిక్స్ పని చూడడం, సరుకు మీద యాజమాన్యం తీసుకోకూడదు, దాన్ని ఎవరికి అమ్మాలి, ఏం చేయాలి అని నిర్ణయించే బాధ్యత ఉండకూడదు. మూడు ముక్కలూ కలిస్తేనే త్రీపీఎల్. హోల్‌సేలర్లకు సెక్షన్ 583, త్రీపీఎల్‌కి సెక్షన్ 584, రెండూ వేరు దారులు. ఇక సెక్షన్ 585లో సూటిగా ఉంది: ఏ రాష్ట్రమూ త్రీపీఎల్‌ని హోల్‌సేల్ డిస్ట్రిబ్యూటర్‌గా నియంత్రించకూడదు.

మన 20బీ, 21బీ లెక్క అక్కడ పనికిరాదు. మనకు ఒకే ఫారం కింద సరుకు యజమానీ, దాచేవాడూ ఇద్దరూ వస్తారు. అక్కడ చట్టమే ఇద్దరినీ విడదీసింది.

ఎవరికి ఎక్కడ లైసెన్సు కావాలన్నది సెక్షన్ 584లో వరుసగా ఉంది. ముందు సరుకు బయల్దేరే రాష్ట్రం, మీ విషయంలో కెంటకీ. కెంటకీలో త్రీపీఎల్‌కి ప్రత్యేక లైసెన్సు ఉంది, ఫార్మసీ బోర్డు ఇస్తుంది. తర్వాత సరుకు చేరే రాష్ట్రాలు. అక్కడ ఆ రాష్ట్రం బయటి త్రీపీఎల్‌లకు లైసెన్సు ఇస్తుంటేనే తీసుకోవాలి. ఇవ్వని రాష్ట్రంలో తీసుకోవడానికి ఏమీ ఉండదు. షీటులో "వర్తించదు" అని ఉండడానికి కారణం ఇదే.

ఇంకో మాట: లైసెన్సు కంపెనీకి కాదు, గోదాంకి. అదే త్రీపీఎల్‌కి వేరే ఊళ్లో ఇంకో గోదాం ఉండి, మీ సరుకులో సగం అక్కడ పెడితే మొత్తం వరుస మళ్లీ మొదలు.

బాచుపల్లి_డిస్పాచ్
మరి ఆ కస్టమర్‌కి ఏం చెప్పాలి? "వర్తించదు అంటే లైసెన్సు లేనట్టే కదా, లేనివాడి దగ్గర సరుకు తీసుకోను" అంటున్నాడు.

సెక్షన్_582
దానికి జవాబు చట్టంలోనే ఉంది, నా హ్యాండిల్ కూడా అదే. సెక్షన్ 582లో ఉపక్లాజు ఏ, 7: సెక్షన్ 584 కింద లైసెన్సింగ్ నిబంధనలు అమల్లోకి వచ్చేదాకా త్రీపీఎల్‌ని లైసెన్సు ఉన్నట్టుగానే భావించాలి. సరుకు సరిగా చూసుకోవడం లేదని ప్రభుత్వం తేల్చి బహిరంగంగా నోటీసు ఇస్తే తప్ప. ఆ నిబంధనల ప్రతిపాదన 2022 ఫిబ్రవరి 4న ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ గెజెట్‌లో వచ్చింది, తుది రూపం ఇంకా రాలేదు. కస్టమర్‌కి ఈ క్లాజు పెట్టి ఒక పేజీ లెటరు రాయండి. దాంతోపాటు ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) డేటాబేస్‌లో ఆ గోదాం వివరాలున్న పేజీ ప్రింటు కూడా పెట్టండి.

ఆ రెండోది మర్చిపోవద్దు. లైసెన్సు విషయంలో వెసులుబాటు ఉంది గానీ, ఎఫ్‌డీఏకి ఏటా రిపోర్టు చేయడంలో లేదు. రిపోర్టు చేయనివాడు "ఆథరైజ్డ్" ట్రేడింగ్ పార్ట్‌నర్ కాడు, అంటే సరుకు వ్యవహారానికి చట్టం ఒప్పుకునేవాడు కాడు.

డాక్‌డోర్_7
సెక్షన్లు బాగానే ఉన్నాయి గానీ వాస్తవం వేరు. కొన్ని రాష్ట్రాల వెబ్‌సైటులో ఉన్నదే ఒక్క అప్లికేషన్, పైన "హోల్‌సేల్ డిస్ట్రిబ్యూటర్" అని ఉంటుంది. లోపల ఎక్కడో త్రీపీఎల్ అని ఒక గడి. అప్పుడేం చేస్తారు?

ఎడిసన్_లైసెన్సింగ్
అది నిజం, అక్కడ ఒప్పుకుంటా. గడి ఉంటే ఆ గడిలో టిక్కు పెట్టి అదే ఫారం వేయాలి. సర్టిఫికెట్ మీద ఏం అచ్చవుతుందో ముందే ఫోన్ చేసి అడగాలి. గడి కూడా లేకపోతే బోర్డుకి రాతపూర్వకంగా ప్రశ్న పంపాలి: "మేం సరుకు కొనం, అమ్మం, ఫలానా రాష్ట్రం నుంచి నిల్వ చేసి పంపుతాం. మీ దగ్గర ఏ లైసెన్సు కావాలి?" అని నాలుగు లైన్లు చాలు. వచ్చిన ఈమెయిల్‌ని లైసెన్సుతో సమానంగా ఫైల్లో దాచాలి. ఫోన్లో చెప్పిన మాటకి విలువ లేదు, రేపు ఆ మనిషి ఆ సీట్లో ఉండడు.

నేను వద్దంటున్నది, త్రీపీఎల్ ఫారం ఉన్న రాష్ట్రంలో కూడా "ఎందుకైనా మంచిది" అని హోల్‌సేల్ వేయడం. ఎందుకంటే హోల్‌సేల్ లైసెన్సుతో పాటు దాని బరువంతా వస్తుంది. ఫెడరల్ చట్టం ప్రకారం హోల్‌సేలర్‌కి లక్ష డాలర్ల బాండు, ముందు ఏడాది స్థూల రాబడి కోటి డాలర్లు దాటకపోతే 25 వేలు. త్రీపీఎల్‌కి ఫెడరల్ చట్టంలో ఆ బాండు లేదు. పైగా ఎఫ్‌డీఏకి హోల్‌సేలర్‌గా కూడా రిపోర్టు చేయాలి, క్రమశిక్షణ చర్యలేమైనా ఉంటే అవీ చెప్పాలి. ఇక కస్టమర్ సిస్టమ్‌లో మీ గోదాం హోల్‌సేలర్‌గా పడిందంటే, వాళ్లు గోదాం పేరు మీద లావాదేవీ డేటా అడుగుతారు. ఆ డేటా ఇవ్వాల్సింది సరుకు యజమాని, గోదాం కాదు. ఆ చిక్కుముడి విప్పేసరికి ట్రక్కు డాక్ దగ్గరే నిలబడుతుంది.

కోల్డ్‌చైన్_అక్క
"టైటిల్" అనే మాట దగ్గరే అందరూ బోల్తా పడేది. ఇక్కడ టైటిల్ అంటే సినిమాది కాదు, సరుకు మీద హక్కు 😀

కాంట్రాక్టు తెరిచి రెండు విషయాలు చూడండి. ఒకటి, ఏ క్షణంలోనూ సరుకు త్రీపీఎల్ పేరు మీదకి పోకూడదు. కొన్ని త్రీపీఎల్‌లు "టైటిల్ మోడల్" అని అమ్ముతాయి: ఆర్డర్ వచ్చిన నిమిషంలో సరుకు కొని, మరుక్షణంలో కస్టమర్‌కి అమ్మినట్టు బిల్లు. ఆ ఒక్క నిమిషం యాజమాన్యంతో అది హోల్‌సేల్ అయిపోతుంది, అప్పుడు 583 కింద లైసెన్సు తప్పదు. తమ పేరు మీద కొనకుండా, మీ తరఫున మీ పేరుతో బిల్లు కొట్టి డబ్బు వసూలు చేసిపెడితే సమస్య లేదు.

రెండోది ఎవరూ చూడనిది: నిర్ణయం ఎవరిది? సరుకు కొరత వచ్చినప్పుడు ఉన్న 400 కార్టన్లు ఏ కస్టమర్‌కి ఎన్ని అన్నది గోదాం వాళ్లు తేల్చితే, అది "డిస్పోజిషన్" నిర్ణయించడమే. వెనక్కి వచ్చిన సరుకు మళ్లీ స్టాకులో కలపాలా, పారేయాలా అన్నది కూడా అంతే. ఇలాంటివన్నీ మీ దగ్గర్నుంచి రాతలో వెళ్లాలి, గోదాం అమలు మాత్రమే చేయాలి. కాంట్రాక్టులో "కస్టమర్ రిటర్న్స్ ప్రొవైడర్ విచక్షణ మేరకు" అని ఒక లైను ఉంటే కొట్టేయించండి.

బాచుపల్లి_డిస్పాచ్
అక్కా, ఆ లైను అచ్చంగా మా డ్రాఫ్టులో ఉంది. 11వ పేజీ. మార్పిస్తాను.

వాల్ట్_కేజ్
కంట్రోల్డ్ మందులు (దుర్వినియోగం కాకుండా ప్రభుత్వం షెడ్యూళ్ల కింద కట్టడి చేసినవి) ఏమైనా ఉన్నాయా? ఉంటే లెక్క మారుతుంది. వాటిని చూసే ఫెడరల్ సంస్థ డీఈఏ దగ్గర త్రీపీఎల్ అనే కోవే లేదు. గోదాం డిస్ట్రిబ్యూటర్‌గా రిజిస్టర్ కావాలి, ఫారం 225, ఏటా రెన్యువల్. షెడ్యూల్ 2 సరుక్కి వాల్టు, 3 నుంచి 5 వరకు కేజ్ చాలు. షెడ్యూల్ 2 ఆర్డర్లకు ఫారం 222 లేదా దాని ఎలక్ట్రానిక్ పద్ధతి. దొంగతనమో, గణనీయమైన లోటో బయటపడితే ఒక పనిదినంలోపు డీఈఏకి రాతలో చెప్పాలి, పూర్తి ఫారం 106 మాత్రం బయటపడిన రోజు నుంచి 45 రోజుల్లోపు వేయాలి.

చిక్కు ఎక్కడంటే, చాలా రాష్ట్రాలకు సొంత కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్ రిజిస్ట్రేషన్ కూడా ఉంటుంది. దానికి డిస్ట్రిబ్యూటర్ అని రాయాలి, పక్కన మందుల లైసెన్సు త్రీపీఎల్ అని ఉంటుంది. "రెండూ పొంతన లేవు" అని క్లర్కు వెనక్కి పంపుతాడు. కవరింగ్ లెటర్లో కారణం ఒక లైను ముందే రాసేస్తే ఆ తిప్పలు తగ్గుతాయి.

బాచుపల్లి_డిస్పాచ్
కంట్రోల్డ్ లేవు, బతికాం. కానీ మా సబ్సిడియరీకి కూడా లైసెన్సు కావాలా? గోదాం వాళ్లకి ఉంటే మాకెందుకు?

ఎడిసన్_లైసెన్సింగ్
కావాలి, ఇది అందరూ చివర్లో తెలుసుకునే విషయం. గోదాం లైసెన్సు గోదాందే. సరుకు అమ్మేది మీరు.

డీఎస్‌సీఎస్‌ఏ లెక్కన తయారీదారు దగ్గర్నుంచి నేరుగా సరుకు అందుకునే అనుబంధ సంస్థ కూడా తయారీదారు కిందికే వస్తుంది, కాబట్టి ఫెడరల్ లెక్కలో మీ సబ్సిడియరీ హోల్‌సేలర్ కాదు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరే మాట అంటాయి. కొన్ని "వర్చువల్ మాన్యుఫాక్చరర్" (సొంత ఫ్యాక్టరీ లేని తయారీదారు) అంటాయి, కొన్ని మామూలు మాన్యుఫాక్చరర్ అంటాయి, కొన్ని హోల్‌సేలర్ ఫారమే వేయమంటాయి. గోదాం లేకపోయినా ఆఫీసు అడ్రసుకే ఇస్తారు. కాబట్టి మీకు షీట్లు రెండు ఉండాలి: గోదాంది ఒకటి, మీది ఒకటి. మీ షీటు గోదాం వాళ్లు చూసిపెట్టరు.

అన్ని చోట్లా ఫార్మసీ బోర్డే ఉంటుందనుకుని వెతక్కండి. ఫ్లోరిడాలో డీబీపీఆర్ అనే వ్యాపార, వృత్తి నియంత్రణ శాఖలో మందుల విభాగం. టెక్సస్‌లో రాష్ట్ర ఆరోగ్య సేవల శాఖ. న్యూజెర్సీలో ఆరోగ్య శాఖ. న్యూయార్క్‌లో అయితే విద్యా శాఖ కింద ఉంటుంది, అది వెతకడానికే ఒక పూట పడుతుంది.

పసిఫిక్_పల్లెటూరు
కాలిఫోర్నియా గురించి విడిగా చెప్పాలి. అక్కడ త్రీపీఎల్ లైసెన్సు ఫార్మసీ బోర్డుది, బయటి రాష్ట్రాల గోదాంలకు నాన్‌రెసిడెంట్ లైసెన్సు. "డిజిగ్నేటెడ్ రిప్రజెంటేటివ్–త్రీపీఎల్" అని గోదాం పనిని పర్యవేక్షించే మనిషికి కూడా వేరే లైసెన్సు. హోల్‌సేలర్ దగ్గర పనిచేసే మామూలు డిజిగ్నేటెడ్ రిప్రజెంటేటివ్ లైసెన్సు దీనికి సరిపోదు, పేరు దగ్గరగా ఉందని పొరబడతారు. ఆ మనిషికి హైస్కూలు చదువు, సంబంధిత పనిలో ఏడాది జీతం తీసుకున్న అనుభవం, ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాలి. వాళ్లలో ఒకరిని రెస్పాన్సిబుల్ మేనేజర్‌గా చూపాలి.

గోదాం నడిచే వేళలో అలాంటి మనిషి ఒకరు అక్కడ ఉండాలి. కాబట్టి ఒక్కరితో పెట్టుకోవద్దు. ఆయన సెలవు పెట్టినా, మానేసినా కాలిఫోర్నియా షిప్‌మెంట్లు ఆగుతాయి. త్రీపీఎల్‌ని అడగండి: ఇద్దరున్నారా, ముగ్గురున్నారా?

వేలిముద్ర_వారియర్
పై పోస్టుకి కలుపుతున్నా. ఆలస్యానికి అసలు కారణం ఫారాలు కాదు, వేలిముద్రలు. బయటి రాష్ట్రం వాళ్లకి చాలా చోట్ల ఎఫ్‌డీ-258 కార్డు మీద సిరా ముద్రలే. గోదాంలో పనిచేసే చేతులకి గీతలు అరిగిపోయి ఉంటాయి, మసకగా పడితే కార్డు తిరిగొస్తుంది. ముద్ర వేసే ముందు చేతులకి లోషన్ రాసి తుడుచుకోవాలి, ఒక్కో రాష్ట్రానికి రెండేసి కార్డులు ఒకేసారి తీయించాలి. ఒక రాష్ట్రానికి ఇచ్చిన కార్డు ఇంకో రాష్ట్రానికి పనికిరాదు.

ఫెడరల్ చట్టంలో కూడా గోదాం మేనేజర్‌కి లేదా ఆయన నియమించిన ప్రతినిధికి నేపథ్య తనిఖీ తప్పనిసరి చేయమని ఉంది. మందుల కల్తీ, ట్యాంపరింగ్ లాంటి నేరాల్లో శిక్ష పడినవాళ్లు ఆ కుర్చీలో ఉండకూడదు.

డాక్‌డోర్_7
ఇది నూటికి నూరు పాళ్లూ నిజం. కార్డు కవర్లో మడతపెట్టి పంపితే కూడా తిప్పి పంపుతారు, గట్టి అట్ట పెట్టండి.

కోల్డ్‌చైన్_అక్క
తనిఖీ గురించి ఎవరూ రాయలేదు. బయటి రాష్ట్రాలు ముందు రెండు కాగితాలు అడుగుతాయి: సొంత రాష్ట్రం లైసెన్సు వెరిఫికేషన్, ఇటీవలి తనిఖీ నివేదిక. సొంత రాష్ట్రం తనిఖీకి రాకపోతే ఎన్‌ఏబీపీ (ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం) తనిఖీయో, వాళ్ల డ్రగ్ డిస్ట్రిబ్యూటర్ అక్రెడిటేషనో చూపాలి. పాతవాళ్లు దాన్నే వావ్‌డ్ అంటారు.

ఇన్‌స్పెక్టర్ లోపలికి రాగానే చూసేది క్వారంటైన్ జాగా. నేల మీద పసుపు టేపు అతికించి "క్వారంటైన్" అని పేపరు పెడితే కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. తాళం వేసే కేజ్ పెట్టుకుంటే వాదన ఉండదు. గడువు తీరిన సరుకు కూడా అమ్మే సరుకుతో కలవకూడదు. తర్వాత సందర్శకుల రిజిస్టరు, అలారం పరీక్ష రికార్డు, పురుగుల మందు కొట్టిన రికార్డు, రీకాల్ మాక్ డ్రిల్ కాగితం. త్రీపీఎల్‌ని ప్రత్యేకంగా అడిగేది, ఎవరెవరి సరుకు పెట్టారో ఆ క్లయింట్ల జాబితా. అడిగినప్పుడు ఇవ్వాలని చట్టంలోనే ఉంది, కాబట్టి కాంట్రాక్టు గోప్యత క్లాజులో దానికి మినహాయింపు రాయండి.

ఉష్ణోగ్రత దగ్గర ఎక్కువమంది పట్టుబడతారు. గది ఉష్ణోగ్రత అంటే 20 నుంచి 25 డిగ్రీలు, 15 నుంచి 30 వరకు తాత్కాలికంగా పోవచ్చు, సగటు కైనెటిక్ ఉష్ణోగ్రత (హెచ్చుతగ్గుల ప్రభావం కలిపి లెక్కించే సగటు) 25 దాటకూడదు. ఎలా పట్టుబడతారంటే: ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్ ఆఫీసు గోడ మీద, మనిషి ఎత్తులో ఉంటుంది, రోజూ 22 చూపిస్తుంది. సరుకు మాత్రం డాక్ తలుపు పక్క రాక్‌లో అయిదో అంతస్తులో, రేకు కప్పు కింద ఉంటుంది. జులై మధ్యాహ్నం అక్కడ చెయ్యి పెడితే తెలుస్తుంది. అందుకే ఏ మూల ఎంత వేడో కొలిచే మ్యాపింగ్ వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి, కనీసం వారం రోజులు, పైన, మధ్య, కింద లాగర్లు పెట్టి చేయాలి. అత్యంత వేడి తేలిన చోట శాశ్వత లాగర్ ఉండాలి. మీ ఇంజెక్షన్ 2 నుంచి 8 అయితే ఆ కూలర్‌కి మ్యాపింగ్ వేరే, జనరేటర్ పరీక్ష రికార్డూ వేరే.

బాచుపల్లి_డిస్పాచ్
ఇంజెక్షన్ 2 నుంచి 8 దే. మ్యాపింగ్ రిపోర్టు అడిగాను, 2021ది పంపారు. ఆ తర్వాత రాక్‌లు పెంచారని వాళ్లే చెప్పారు.

కోల్డ్‌చైన్_అక్క
రాక్‌లు మారితే గాలి దారి మారుతుంది. ఆ రిపోర్టు చెల్లదు. సరుకు దిగకముందే మళ్లీ చేయించండి, ఖర్చు వాళ్లది.

సెక్షన్_582
రిపోర్టింగ్ గురించి అడుగుతారని ముందే రాస్తున్నా. ఎఫ్‌డీఏకి సీడర్ డైరెక్ట్ పోర్టల్‌లో, ఏటా జనవరి 1 నుంచి మార్చి 31 లోపు. ప్రతి గోదాంకి డన్స్ నంబరు (వ్యాపార సంస్థలకి ఇచ్చే గుర్తింపు సంఖ్య), ట్రేడ్ పేర్లన్నీ, ఏ రాష్ట్రంలో ఏ లైసెన్సు నంబరు. ఫీజు లేదు. రాష్ట్రం లైసెన్సు రెన్యువల్ అయ్యాక కొత్త గడువు తేదీ కూడా మార్చాలి. చాలామంది మార్చిలో ఒకసారి వేసి వదిలేస్తారు, జూన్‌లో లైసెన్సు రెన్యువల్ అవుతుంది, డేటాబేస్‌లో పాత తేదీ అలాగే ఉంటుంది. కస్టమర్ సిస్టమ్ రాత్రిపూట ఆ జాబితాని లాగి "గడువు తీరింది" అని ఎర్ర గుర్తు పెడుతుంది, పొద్దున ఆర్డరు ఆగుతుంది.

డాక్‌డోర్_7
అడ్రసు కూడా. ఒక రాష్ట్రం సర్టిఫికెట్ మీద "సూట్ 100", ఇంకోదాని మీద "యూనిట్ 100", ఎఫ్‌డీఏలో ఏదీ లేదు. మనిషి చూస్తే ఒకటే, మెషీన్ చూస్తే మూడు గోదాంలు. తపాలా శాఖ ప్రామాణిక రూపంలో అడ్రసు ఒకటి ఖాయం చేసి, లైసెన్సులు, డన్స్, ఎఫ్‌డీఏ, ఇన్‌వాయిస్ మీద ఉండే షిప్-ఫ్రమ్ (సరుకు బయల్దేరే చోటు), అన్నిటా అక్షరం తేడా లేకుండా అదే పెట్టండి.

హోల్‌సేల్ లైసెన్సు గురించి నేను మొదట చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా. బాండు, డేటా విషయాలు నేను లెక్కలోకి తీసుకోలేదు.

పసిఫిక్_పల్లెటూరు
తుది రూల్ వచ్చాక ఇవన్నీ మారతాయా? ఒకే దేశానికి ఒకే లైసెన్సు అంటున్నారు కొందరు.

ఎడిసన్_లైసెన్సింగ్
ఒకే లైసెన్సు కాదు, ఒకే ప్రమాణం. రాష్ట్రాలే ఇస్తాయి, కానీ ఫెడరల్ ప్రమాణానికి భిన్నంగా సొంత షరతులు పెట్టలేవు. సొంత రాష్ట్రంలో త్రీపీఎల్ లైసెన్సే లేకపోతే అప్పుడు ఎఫ్‌డీఏ ఇస్తుంది, ఆ లైసెన్సు ఉన్నవాడు చేరే రాష్ట్రాల్లో విడిగా తీసుకోనక్కర్లేదు. చట్టంలో గడువు మూడేళ్లు. ఇప్పుడు రాష్ట్రాన్ని బట్టి ఏడాదికో రెండేళ్లకో రెన్యువల్ చేస్తున్నారు. ఇదంతా నిబంధనలు అమల్లోకి వచ్చాక. ఆ రోజు వచ్చేదాకా ఏ రాష్ట్రం ఏం అడిగితే అది కట్టాల్సిందే, "పైన చట్టం ఉంది" అని ఫీజు ఎగ్గొట్టి సరుకు పంపొద్దు.

బాచుపల్లి_డిస్పాచ్
ఇవాళే మూడు పనులు పెట్టుకున్నా. 11వ పేజీ మార్పు, కూలర్ మ్యాపింగ్, మా సబ్సిడియరీకి వేరే షీటు. "హోల్‌సేల్" అని ఉన్న రాష్ట్రాల్లో త్రీపీఎల్ ఫారం ఎక్కడుందో ఒక్కొక్కటే చూస్తున్నా, ఇప్పటికే రెండింటిలో దొరికింది. ఒక్క అనుమానం: అదే గోదాంలో మా ఓటీసీ (ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే) దగ్గు సిరప్ కూడా పెట్టొచ్చా?

సెక్షన్_582
పెట్టొచ్చు. డీఎస్‌సీఎస్‌ఏ ప్రిస్క్రిప్షన్ మందులకే, ఓటీసీకి వర్తించదు. కానీ కొన్ని రాష్ట్రాలు ఓటీసీ నిల్వకి కూడా విడిగా అనుమతి అడుగుతాయి. మీ రెండు షీట్లలోనూ ఓటీసీకి ఒక కాలమ్ ఇప్పుడే పెట్టుకోండి.

వేలిముద్ర_వారియర్
షీటులో ఇంకో కాలమ్ కూడా: మేనేజర్ మారితే ఆ రాష్ట్రానికి ఎన్ని రోజుల్లో చెప్పాలి. చాలా చోట్ల 30 రోజులు, కొన్ని చోట్ల అంతకన్నా తక్కువ. మనిషి రాజీనామా ఇచ్చిన రోజే కొత్త మనిషి కార్డులు తీయించడం మొదలుపెట్టాలి.